రాబ్ రాయ్ దగ్గు మందులా చేదుగా వస్తోందా? ముందు వెర్మూత్ బాటిల్ చూడండి

మీరు అడిగింది ఇది: బార్‌లో తాగిన రాబ్ రాయ్ (స్కాచ్ విస్కీలో తీపి వెర్మూత్ కలిపే కాక్‌టెయిల్) చాలా నచ్చింది, అదే ఇంట్లో స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో ఒకే డిస్టిలరీ చేసిన సింగిల్ మాల్ట్ విస్కీతో కలిపితే దగ్గు మందులా ఉంటోంది, ఇంకా ఖరీదైన విస్కీ కొనాలా అని.

కొనకండి. ఉన్న సింగిల్ మాల్ట్‌ను కూడా ఇందులో పోయకండి, దాన్ని విడిగా నాలుగు చుక్కల నీళ్లతో తాగండి.

నేను గ్లాస్గోలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మొదటి రెండేళ్లు నాదీ ఇదే బాధ. విస్కీ మీద విస్కీ మార్చాను, రుచి మాత్రం మారలేదు. చివరికి మా వీధి చివరి పబ్‌లో కౌంటర్ దగ్గరుండే పెద్దాయనను అడిగాను. ఏ విస్కీ వాడుతున్నావని ఆయన అడగనే లేదు. “వెర్మూత్ ఎక్కడ పెడతావు?” అన్నాడు. స్టవ్ పక్క అలమరాలో అన్నాను. “మూత తీసి ఎన్నాళ్లైంది?” లెక్కేసుకుంటే ఏడు నెలలు. ఆయన ఫ్రిజ్‌లోంచి తన బాటిల్ తీసి ఒక స్పూను పోసిచ్చాడు. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, వెనకాల లవంగం, ఆఖరున నాలుక చివర సన్నటి చేదు. ఇంటికొచ్చి నా బాటిల్‌లోది కూడా స్పూనులో పోసుకుని చూశాను. పులిసిన ద్రాక్షరసం, తడిసిన అట్టముక్క వాసన. ఆ రాత్రే సింక్‌లో పారబోశాను.

వెర్మూత్ అంటే వైన్. ద్రాక్ష వైన్‌కు కొంచెం స్పిరిట్, చక్కెర, రకరకాల వేళ్లు, తొక్కలు, ఆకులు చేర్చి తయారుచేస్తారు. వినాయక చవితి పత్రిలో మాచిపత్రి వేస్తాం కదా, దాని జాతికే చెందిన ఒక చేదు మొక్క జర్మన్ పేరు నుంచే వెర్మూత్ అనే మాట వచ్చింది. ఇందులో ఆల్కహాల్ 15 నుంచి 18 శాతమే. విస్కీలో 40 శాతం పైన ఉంటుంది కాబట్టి మూత తీశాక కూడా నెలల తరబడి నిలుస్తుంది. వెర్మూత్ అలా కాదు, గాలి తగిలిన రోజు నుంచి మారడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులు బాగుంటుంది, మహా అయితే రెండు నెలలు. అందుకే నేను చిన్న బాటిలే కొంటాను, మూత తీసిన తేదీ స్కెచ్ పెన్నుతో దాని మీదే రాస్తాను.

ఇక విస్కీ. మీకు దగ్గు మందు గుర్తొచ్చిందంటే అందులో సగం పాపం ఐలా విస్కీదే. అక్కడి డిస్టిలరీల్లో చాలామంది బార్లీని పీట్ మట్టి (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే మట్టి) పొగతో ఆరబెడతారు, ఆ పొగే ఆస్పత్రి వాసనలా అనిపిస్తుంది. విడిగా తాగితే గొప్పగా ఉండే ఆ పొగ వెర్మూత్ తీపితో కలిస్తే మిగతావేవీ పైకి రానివ్వదు. బ్లెండెడ్ స్కాచ్, అంటే రకరకాల డిస్టిలరీల విస్కీలు కలిపింది, చాలు. నేను మామూలుగా ఫేమస్ గ్రౌస్ అనే బ్రాండు వాడతాను, కాస్త పొగ కావాలనుకున్న రోజు బ్లాక్ లేబుల్.

కొలత చెబుతాను. స్కాచ్ 60 మి.లీ., తీపి ఎర్ర వెర్మూత్ 30 మి.లీ., అంగొస్టురా బిట్టర్స్ (చుక్కల్లో వాడే ఘాటైన చేదు మూలికల సారం) రెండు విదిలింపులు. మరీ తియ్యగా అనిపిస్తే వెర్మూత్‌ను 25కి తగ్గించండి. బిట్టర్స్ మాత్రం మానేయకండి. చూడ్డానికి రెండు చుక్కలే అయినా, అది లేకపోతే విస్కీ ఒక పక్కా వెర్మూత్ ఒక పక్కా విడివిడిగా తెలుస్తాయి.

వీటిని షేకర్‌లో వేసి ఊపొద్దు. ఊపితే గాలి బుడగలతో మసకబారుతుంది, ఐస్ ముక్కలు విరిగి నీళ్లెక్కువవుతాయి. పెద్ద గాజు గ్లాసులో ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐస్ నిండా వేసి, పొడుగు స్పూనుతో అంచు వెంబడి నెమ్మదిగా 30 సెకన్లు తిప్పండి. ఐస్ గలగలమని మోగకూడదు, అంతా కలిసి గుండ్రంగా జారుతున్నట్టు తిరగాలి. గ్లాసు బయట తేమ పట్టి వేళ్లు జిల్లుమంటాయి, అప్పటికి అయినట్టే. నేనొకసారి కొలిచి చూశాను: 90 మి.లీ. పోస్తే వడకట్టాక 112 వచ్చింది. ఆ 22 మి.లీ. నీళ్లు కూడా ఈ వంటకంలో భాగమే, అవి కలవకపోతే గొంతు మండుతుంది. కౌంటర్ మీద పావుగంట కూర్చుని కరుగుతున్న ఐస్ వేస్తే మాత్రం చల్లబడే లోపే పలచబడిపోతుంది. తాగే గ్లాసును కూడా ముందే ఓ 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. పైన ఒక నల్ల చెర్రీ వేయండి, కేకుల మీద పెట్టే రంగు చెర్రీ వద్దు. నల్ల చెర్రీ దొరక్కపోతే నారింజ తొక్క ముక్కను గ్లాసు మీద పిండి, ఆ నూనె వాసన పట్టాక పడేయండి.

పేరు గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ డ్రింక్ మీద నాకు ప్రేమ పెరిగింది అక్కడే. ఇది స్కాట్లాండ్‌లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. పుట్టింది న్యూయార్క్‌లో, 1894లో, వాల్డార్ఫ్ హోటల్ బార్‌లో అని చెబుతారు. ఆ ఏడే అక్కడ రాబ్ రాయ్ మీద ఒక సంగీత నాటకం ఆడింది, దాని పేరే దీనికీ పెట్టారు. అసలు రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ పశువుల వ్యాపారి, ఆస్తి పోయి పాలకులకు ఎదురు తిరిగినవాడు, 1734లో చనిపోయాడు. ‘రాయ్’ అంటే గేలిక్ భాషలో ఎరుపు, ఆయన జుట్టు రంగు అది. గ్లాసులో దీని రంగు చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఆయన సమాధి బాల్‌విడర్ అనే ఊళ్లో, పాత చర్చి ఆవరణలో ఉంది. కారులో ఒక శనివారం వెళ్లొచ్చాను. రాతి మీద ‘వాళ్లు కాదన్నా మెక్‌గ్రెగరే’ అనే అర్థంలో చెక్కి ఉంది. 1603లో ఆ వంశం పేరు పెట్టుకోవడాన్నే రాజు నిషేధించాడు, ఆ నిషేధం పూర్తిగా పోయింది 1774లో. అంటే ఆయన తన ఇంటిపేరు చెప్పుకోవడమే నేరమైన కాలంలో పోయాడు. ఇంటిపేరు అంటే ఏమిటో మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. వాన తుంపరలో ఆ రాయి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

గత డిసెంబరులో మా బావగారు విజయవాడ నుంచి వచ్చారు. సోడా లేకుండా విస్కీ ముట్టని మనిషి. నేను కలుపుతుంటే “ఏమయ్యా, ఇంత మంచి స్కాచ్‌లో ఆ ఎర్ర సిరప్ పోస్తావేంటి?” అన్నారు. మాట్లాడకుండా గ్లాసు చేతికిచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసును లైటుకెదురుగా పెట్టి చూశారు. ఇంకో గుక్క తాగాక “దీంతో బజ్జీలు వద్దులే” అన్నారు. ఆ మాట నిజం. అంతకుముందే వేడి వేడి మిరపకాయ బజ్జీలు పళ్లెంలో పెట్టాం, కారం మీద ఇది తాగితే నోరు రెట్టింపు మండుతుంది, వెర్మూత్ రుచి అసలు తెలియదు. ఉప్పు వేసి వేయించిన బాదం, లేదా ఒక చీజ్ ముక్క సరిపోతుంది.

ఇంకొక్క మాట. తియ్యగా ఉంటుంది కాబట్టి తేలికనుకోకండి. ఒక గ్లాసులో బ్రిటన్ లెక్కన దాదాపు మూడు యూనిట్లు (ఒక యూనిట్ అంటే 10 మి.లీ. అచ్చమైన ఆల్కహాల్) ఉంటాయి, ఇక్కడి ఆరోగ్య శాఖ వారానికి 14 మించొద్దంటుంది. స్కాట్లాండ్‌లో కారు నడిపేవాళ్లకు 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ పరిమితిని 2014లో 80 నుంచి 50 మిల్లీగ్రాములకు తగ్గించారు, మన దేశంలో అయితే 30కే కేసు. మా ఇంట్లో రాబ్ రాయ్ కలిపే రాత్రి ఎవరి కారు తాళాలూ బయటికి రావు.

ముందు కొత్త వెర్మూత్ చిన్న బాటిల్ ఒకటి తెచ్చుకోండి, బ్లెండెడ్ స్కాచ్‌తో పైన చెప్పిన కొలతలో ఒక్క గ్లాసు చేసి చూడండి. అప్పటికీ చేదుగానే ఉంటే ఏ వెర్మూత్ కొన్నారో, ఎంతసేపు తిప్పారో రాయండి, ఎక్కడ తేడా వస్తోందో చూద్దాం.