అవైరుధ్యం సరిపోలినంత మాత్రాన అన్వయం కుదరదు

‘ఒక సిద్ధాంతంలో వైరుధ్యం లేకపోతే రెండవదానిలోనూ లేదని నిరూపించగలిగితే, ఆ రెండవదాన్ని మొదటిదానిలో అన్వయించవచ్చని అర్థమా?’ అని అడిగారు. కాదు. ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో నేనూ ఈ రెండూ ఒకటేననుకున్నాను.

అన్వయమంటే, ఒక సిద్ధాంతపు మాటలను మరో సిద్ధాంతపు వాక్యాలుగా తర్జుమా చేసి, మొదటిదాని స్వీకృతాలను (నిరూపణ లేకుండా అంగీకరించే మూలవాక్యాలను) రెండవదానిలో నిరూపించడం. అదేమిటో నాకు తెలిసింది విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి దగ్గరి గట్టు మీద. మా మాస్టారు ముంత మసాలా తినడం ముగించి, పొట్లం కాగితాన్ని మోకాలి మీద సాపుచేసి, నూనె మరకల నడుమ 13 అని రాశారు.

‘‘దీన్ని రెండు తాలూకు ఘాతాల మొత్తంగా విడదియ్యి బాబూ.’’

‘‘ఎనిమిది, నాలుగు, ఒకటి మాస్టారూ.’’

‘‘ఘాతాంకాలు 3, 2, 0. కాబట్టి 13 అంటే 0, 2, 3 సభ్యులుగా గల సమితి. సున్నా శూన్యసమితి.’’

1937లో జర్మన్ గణితవేత్త అకర్‌మాన్ చూపిన ఈ పద్ధతిలో, సభ్యత్వం అన్న మాట వచ్చిన ప్రతిచోటా తగిన అంకగణిత వాక్యాన్ని పెడితే, పరిమిత సమితుల స్వీకృతాలన్నీ సహజ సంఖ్యల సిద్ధాంతమైన పియానో అంకగణితంలో నిరూపించగల వాక్యాలవుతాయి. సమితుల వైపు వైరుధ్యమే ఉంటే, ఆ నిరూపణ యావత్తూ తర్జుమా అయి అంకగణితంలోకీ వచ్చిపడుతుంది. అందుకే అన్వయం ఉన్నచోట అవైరుధ్యం దానంతటదే వెంట వస్తుంది. మన సిలబస్సుల్లో తర్కం సత్యపట్టికలతోనే ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఈ 13 ఒక్కటి నేర్పితే పిల్లలకు సగం విషయం బోధపడుతుందని నా గట్టి నమ్మకం.

ఇక మీరడిగినది. సమితులకు ప్రామాణికమైన జెర్మెలో-ఫ్రాంకెల్ సిద్ధాంతంలో వైరుధ్యం లేకపోతే, వర్గాలను (సమితులు కాలేనంత పెద్ద సముదాయాలను) కూడా చేర్చుకున్న గోడెల్-బెర్నేస్ సిద్ధాంతంలోనూ లేదు. అయినా రెండవదాన్ని మొదటిదానిలో అన్వయించడం సాధ్యం కాదు. గోడెల్-బెర్నేస్‌కు పరిమిత సంఖ్యలో స్వీకృతాలు చాలు గనుక, అన్వయమే ఉంటే దానికి జెర్మెలో-ఫ్రాంకెల్ స్వీకృతాల్లో కొన్ని, పరిమితంగా, సరిపోతాయి. అటువంటి ఏ పరిమిత భాగానికైనా అవైరుధ్యాన్ని జెర్మెలో-ఫ్రాంకెల్ తానే నిరూపించగలదు. అప్పుడు గోడెల్-బెర్నేస్ అవైరుధ్యాన్నీ, దానిలో ఇమిడి ఉన్న తన అవైరుధ్యాన్నీ తానే నిరూపించుకున్నట్లవుతుంది. వైరుధ్యం లేని, తగినంత బలమైన సిద్ధాంతం తన అవైరుధ్యాన్ని తానే నిరూపించుకోజాలదన్న 1931 నాటి గోడెల్ రెండవ అసంపూర్ణతా సిద్ధాంతం ప్రకారం అది అసాధ్యం.

ఈ వాదనంతా జెర్మెలో-ఫ్రాంకెల్‌లో వైరుధ్యం లేదన్న షరతు మీదనే నిలుస్తుంది. వైరుధ్యమున్న సిద్ధాంతంలోనైతే దేన్నైనా అన్వయించవచ్చు.