జార్జ్ చేసినది ద్రోహమా?

‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ ముగింపులో జార్జ్ తన స్నేహితుడు లెనీని కాల్చివేయడం మీకు నమ్మకద్రోహంలా తోచడానికి కారణం, బహుశా, మూడవ అధ్యాయంలోని ముసలి కుక్క ఘట్టాన్ని పక్క కథగా భావించి దాటిపోవడమే. 1937లో స్టైన్‌బెక్ వెలువరించిన ఈ నవల చిన్నదే అయినా, మొత్తం మళ్ళీ చదవనక్కరలేదు. ఈ వరుసలో మూడుచోట్ల చూడండి.

1. మొదటి అధ్యాయం: ఆపద వస్తే సాలినాస్ నది ఒడ్డునున్న ఈ పొదల్లోనే దాక్కోమని జార్జ్ లెనీకి చెబుతాడు.

2. మూడవ అధ్యాయం (నేనూ తొలిసారి దీన్ని పట్టించుకోలేదు): వాళ్ళు పనిచేసే పశువుల క్షేత్రంలోని ముసలి పనివాడు క్యాండీ కుక్కను, తోటి పనివాడు కార్ల్‌సన్ బయటికి తీసుకుపోయి, తన ల్యూగర్ పిస్తోలుతో కాల్చివేస్తాడు. తల వెనుక కాల్చితే నొప్పి తెలియదని అతడు ముందే చూపిస్తాడు. ఆ తరువాత క్యాండీ, తన కుక్కను పరాయివాడి చేతికి వదలకుండా తానే కాల్చవలసిందని జార్జ్‌తో వాపోతాడు. ఈ ఒక్క మాట దగ్గర ఆగి, రెండుసార్లు చదవండి.

3. చివరి అధ్యాయం: అదే నది ఒడ్డు, అదే పిస్తోలు, అదే గురి. లెనీ చేతిలో పొరపాటున తన భార్య చనిపోయిందని, క్షేత్ర యజమాని కొడుకు కర్లీ తన మనుషులతో అతణ్ణి వెదుకుతూ దగ్గర పడుతుండగా, లెనీని నదికి అవతలివైపు చూడమని, తాము కొనుక్కోబోయే పొలం గురించీ కుందేళ్ళ గురించీ చెబుతూనే జార్జ్ కాల్చుతాడు. లెనీని పరాయివాళ్ళకు వదలలేదు.