జపాన్‌లో ‘విత్‌డ్రా’కు ఒక్క మాట సరిపోదు

జపాన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే సందేహం, విత్‌డ్రాను జపనీస్‌లో ఏమంటారని. ఏటీఎంలో డబ్బు తీసినా, పీఎఫ్ వెనక్కి తీసుకున్నా, నామినేషన్ ఉపసంహరించుకున్నా మనకు ఆ ఒక్క మాటే చాలు. ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో మాట ఉంది. మాట మారితే గడువూ ఫలితమూ మారిపోతాయి.

ముందుగా గుర్తుపట్టవలసినది ‘హికు’, అంటే లాగడం అనే అక్షరం. విల్లు, దాని పక్కన ఒక నిలువు గీత. దుకాణం తలుపు మీద అది కనిపిస్తే లాగి తెరవాలి. ఏటీఎం తెర మీద అదే అక్షరంతో మొదలయ్యే ‘హికిదషి’ డబ్బు తీసుకోవడం. బల్ల సొరుగుకు కూడా ఇదే పేరు. ‘హికిఒతోషి’ అంటే మాత్రం అద్దె, కరెంటు బిల్లు వంటివి మన ఖాతా నుంచి వాటంతటవే చెల్లిపోవడం. నేను వచ్చిన కొత్తలో ఈ రెండూ ఒకటేననుకొని, 27వ తేదీన హికిఒతోషి అని ఉన్న కాగితం చూసి, ముందురోజు సాయంత్రమే అద్దె డబ్బంతా తీసి కవరులో పెట్టుకొని కూర్చున్నాను. ఖాతాలో డబ్బు లేక అద్దె చెల్లలేదు, ఇంటి ఏజెన్సీవారికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

వచ్చిన ఉద్యోగాన్ని మర్యాదగా వద్దనడం ‘జితై’. చేస్తున్న ఉద్యోగం మానడానికి ‘తైషొకు నెగై’ ఇస్తే అది విన్నపం కాబట్టి, కంపెనీ అంగీకరించేలోగా వెనక్కి తీసుకునే వీలుంటుంది. ‘తైషొకు తొదొకే’ ఇస్తే అది నిర్ణయం తెలియజేయడమే కాబట్టి సాధారణంగా ఆ వీలుండదు. కాగితం మీద ఏ మాట ఉందో చూడకుండా సంతకం చేయకండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా తెలుసుకోవలసినది ‘దత్తై ఇచిజికిన్’, దేశం విడిచి వెళ్ళే విదేశీయులకు పెన్షన్ పథకం ఒకేసారి ఇచ్చే మొత్తం. మన కుర్రవాళ్ళు దీన్ని జపాన్ పీఎఫ్ అంటారు గాని, ఆ పోలిక సరైనది కాదు. కనీసం 6 నెలలు చందా కట్టి ఉండాలి; ఎన్నేళ్ళు కట్టినా 2021 ఏప్రిల్ నుంచి లెక్కలోకి వచ్చేది గరిష్ఠంగా 60 నెలలే; ఉద్యోగుల పెన్షన్ అయితే 20.42 శాతం పన్ను మినహాయిస్తారు. 10 సంవత్సరాలు నిండినవారికి వృద్ధాప్య పెన్షన్ హక్కు వస్తుంది కాబట్టి ఈ మొత్తం దొరకదు. అంతేకాక, 2016 అక్టోబర్ 1న అమలులోకి వచ్చిన భారత్–జపాన్ సామాజిక భద్రత ఒప్పందం ప్రకారం రెండు దేశాల్లోని చందా కాలాన్ని కలిపి చూపించుకోవచ్చు, కానీ దత్తై తీసుకున్నవారికి ఆ నెలలు పూర్తిగా రద్దవుతాయి. అందుకే ఏడెనిమిదేళ్ళు పనిచేసి, మళ్ళీ తిరిగివచ్చే ఆలోచన ఉన్నవారు తొందరపడవద్దని నా అభిప్రాయం.

తీసుకోవాలనే నిశ్చయించుకుంటే, విమానం ఎక్కకముందే వార్డు కార్యాలయంలో ‘తెన్షుత్సు తొదొకే’, అంటే ఇక్కడి నివాసం విడిచి వెళ్తున్నట్టు తెలిపే పత్రం ఇచ్చి చిరునామా తీసేయించుకోండి. అప్పటి నుంచి 2 సంవత్సరాల లోపు దరఖాస్తు చేయాలి. మినహాయించిన పన్నును తిరిగి అడగడానికి ఇక్కడ ఉండే స్నేహితుణ్ణి పన్ను ప్రతినిధిగా నమోదు చేయించండి. మీ పెన్షన్ నంబరు ఉన్న కాగితాన్ని మాత్రం కార్గో పెట్టెలో వేయకుండా చేతిసంచిలోనే పెట్టుకోండి.