రెటినైటిస్ పిగ్మెంటోసాకు ఆయుర్వేదం, హోమియో పనిచేస్తాయా?

ప్రశ్న: నా వయసు 31. మాది నల్గొండ జిల్లా. చిన్నప్పటి నుంచి చీకటి పడితే సరిగా కనిపించదు. రెండు మూడేళ్లుగా పక్కన ఉన్న మనుషులు, బల్లలు తగిలేదాకా తెలియడం లేదు. హైదరాబాద్‌లో పరీక్షలు చేసి రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, మందు లేదన్నారు. ఆయుర్వేదంలో నేత్ర తర్పణం మొదలుపెట్టాను. మొదటి కోర్సు తర్వాత కాస్త తేలిక అనిపించింది. ఇంకో ఏడాది చేయించుకోవాలంటున్నారు, ఖర్చు చాలా అవుతోంది. హోమియో, విటమిన్ ఎ మాత్రలు, కంటి వ్యాయామాలు కూడా చెబుతున్నారు. వీటితో చూపు నిలుస్తుందా? అమ్మానాన్నలది మేనరికం. ఇప్పుడు నాకూ మేనమామ కూతురినే మాట్లాడుతున్నారు. చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ‘మందు లేదు’ అని ఒక్క మాట చెప్పి పంపేస్తే ఎవరైనా ఇంకో దారి వెతుక్కుంటారు. మీరు చేసిందీ అదే, అందులో తప్పు లేదు. అయితే ఆ మాట సగమే నిజం. మిగతా సగం కూడా మీకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

కంటి వెనక రెటీనాలో మసక వెలుతురులో చూడటానికి పనికొచ్చే కణాలను రాడ్స్ అంటారు. జన్యులోపం వల్ల ఈ జబ్బులో ముందు అవి నశిస్తాయి. అందుకే మొదట రేచీకటి వస్తుంది, తర్వాత పక్క చూపు తగ్గుతుంది. ఎదురుగా ఉన్నదాన్ని చూసే చూపు చాలామందిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. చనిపోయిన కణాలను తిరిగి తెచ్చే మందు ఆయుర్వేదంలో లేదు, హోమియోలో లేదు, మా అల్లోపతిలోనూ లేదు. విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటి వేరు. అది విటమిన్ ఇస్తే తగ్గిపోతుంది. ఆకుకూరలు తిని, చేపనూనె తాగి ఫలానా వాళ్లకు చూపు వచ్చిందని మీరు వింటున్న కథలు ఎక్కువగా దాని గురించే అయి ఉంటాయి.

మరి మొదటి కోర్సు తర్వాత తేలిక ఎందుకు అనిపించింది? ఈ జబ్బు చాలా నెమ్మదిగా నడుస్తుంది. రెండు మూడు నెలల్లో ఏమీ చేయకపోయినా పెద్దగా తేడా రాదు. వెలుతురు, నిద్ర, కళ్ల పొడిబారడం, మనసు తేలికపడటం వల్ల కూడా ఒకరోజు బాగా, ఒకరోజు తక్కువగా కనిపిస్తుంది. అందువల్ల ఏ చికిత్స తీసుకున్నా మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది. దీన్ని తేల్చేది, చుట్టూ ఎంత మేర కనిపిస్తోందో కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్ష. కోర్సుకు ముందూ తర్వాతా ఒకే చోట చేయించి పోల్చి చూడండి. చూపు తిరిగి తెప్పిస్తామని చెప్పేవాళ్లు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి.

తర్పణంలో కంటి చుట్టూ మినపపిండితో కట్ట కట్టి ఔషధాలతో కాచిన నెయ్యి పోస్తారు. పొడి కళ్లకు కాసేపు హాయిగా ఉండొచ్చు. కానీ అది రెటీనా జబ్బును ఆపుతుందని నిరూపణ కాలేదు. నెయ్యి, పాత్రలు శుభ్రంగా లేకపోతే కంటికి ఇన్ఫెక్షన్ సోకుతుంది. నాకు దీనికన్నా ఎక్కువ భయం లేబుల్ లేని చుక్కల మందులంటే. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నీటికాసులు, శుక్లం రావచ్చు. భస్మాల్లో సీసం, పాదరసం ఉండే ప్రమాదం కూడా ఉంది. హోమియోతో ఈ జబ్బు ఆగిందని చెప్పడానికి ఆధారం లేదు. కంటి వ్యాయామాలు కండరాలకే, రెటీనా దాకా చేరవు.

విటమిన్ ఎ మాత్రల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1993లో అమెరికాలోని బోస్టన్‌లో చేసిన అధ్యయనంలో రోజుకు 15,000 యూనిట్లు ఇచ్చినవాళ్లలో వెలుతురుకు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందన కాస్త నెమ్మదిగా తగ్గింది. చాలా ఏళ్లు డాక్టర్లు దాన్నే పట్టుకుని రాశారు. ఇటీవల అదే సమాచారాన్ని జన్యువుల వారీగా మళ్లీ లెక్కిస్తే ఆ లాభం కనిపించలేదు. ఏబీసీఏ4 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకైతే ఇది హాని చేయొచ్చు. ఎక్కువ మోతాదు కాలేయానికీ, ఎముకలకీ మంచిది కాదు. కాబట్టి సొంతంగా వేసుకోవద్దు. తోటకూర, మునగాకు, క్యారెట్, గుడ్డు, చేప మామూలుగా తినండి, చాలు.

‘మందు లేదు’ అన్నాక కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లడమే మానేసే వాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఈ జబ్బుతోపాటు వచ్చే కొన్ని సమస్యలకు మంచి చికిత్స ఉంది. మీ వయసులోనే శుక్లం రావచ్చు, ఆపరేషన్‌తో ఉన్న చూపు స్పష్టమవుతుంది. రెటీనా మధ్యభాగంలో వాపు వస్తే, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో తెలుస్తుంది. డోర్జోలమైడ్ చుక్కలు, ఎసిటాజోలమైడ్ మాత్రలతో చాలామందికి తగ్గుతుంది. ఏడాదంతా తర్పణంతో గడిపి ఈ వాపును వదిలేస్తే, మిగిలిన మంచి చూపు కూడా పోవచ్చు. ఏడాదికోసారి ఓసీటీ, ఫీల్డ్ పరీక్ష తప్పనిసరి. రెఫ్సమ్ వంటి అరుదైన కొన్ని రకాల్లో ఆహార నియమాలు నిజంగానే పనిచేస్తాయి. మీది అలాంటిదో కాదో డాక్టర్‌ను అడగండి. సిల్డెనాఫిల్ (వయాగ్రా), హైడ్రాక్సీక్లోరోక్విన్ (కీళ్లవాతం వంటి వాటికి వాడేది) రెటీనాపై ప్రభావం చూపొచ్చు, కాబట్టి అవి రాస్తున్న ఏ డాక్టర్‌కైనా మీ జబ్బు గురించి ముందే చెప్పండి.

ఇక మీ చేతుల్లో ఉన్నవి. సిగరెట్ ఉంటే ఈరోజే మానేయండి. ఎండలో టోపీ, గోధుమ రంగు చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. రోజూ నడక మంచిది. చదవడం వల్ల, ఫోన్ చూడటం వల్ల ఈ జబ్బు పెరగదు, ఆ టెన్షన్ వద్దు. ఇంట్లో బల్బుల వెలుతురు పెంచి, మెట్ల అంచులకు పసుపు టేపు అంటించండి. తల తిప్పుతూ చుట్టూ పరికించడం, కర్రతో నడవడం, ఫోన్‌లో తెరపై ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడటం చూపు బాగున్నప్పుడే నేర్చుకుంటే తేలిక. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇందుకోసం ప్రత్యేక విభాగం ఉంది. ఏడాది తర్పణానికి పెట్టే డబ్బు వీటికి పెడితే అంతకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. బైక్ నడుపుతుంటే మానేయండి. పక్క నుంచి వచ్చే పిల్లవాడు మీకు కనిపించడు.

వైకల్య ధ్రువపత్రం కోసం ప్రభుత్వ క్యాంపులో పరీక్ష చేయించుకోవడానికి మొహమాటపడొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నేరుగా చూసే చూపు బాగున్నా, చుట్టూ చూపు 40 డిగ్రీల కన్నా తగ్గితే అది లో విజన్ (చూపు లోపం) అనే వైకల్యం కిందికే వస్తుంది.

పెళ్లి విషయంలో తొందరపడొద్దు. మీ అమ్మానాన్నలు దగ్గరివాళ్లు కాబట్టి, ఒకే లోపం ఉన్న జన్యువు ఇద్దరి నుంచీ మీకు వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మీ అమ్మలో ఆ జన్యువు ఉంటే ఆమె తమ్ముడిలో, ఆయన కూతురిలో కూడా ఉండొచ్చు. అలా ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. బయటి సంబంధమైతే అది బాగా తగ్గుతుంది. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు వేరే పద్ధతుల్లో కూడా సంక్రమిస్తుంది. అందుకే రక్తంతో చేసే జన్యు పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్ట్‌తో జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాకే మాట ఇవ్వండి. ఈ పరీక్షతో ఇంకో ఉపయోగం ఉంది. ఆర్‌పీఈ65 జన్యులోపం ఉన్నవాళ్లకు 2017 డిసెంబర్‌లో అమెరికాలో జన్యు చికిత్స ఆమోదం పొందింది. ఖరీదు చాలా ఎక్కువ, అందరికీ పనికిరాదు కూడా. కానీ మిగతా జన్యువులపైనా ప్రయోగాలు సాగుతున్నాయి. మీది ఏ జన్యువో తెలిస్తేనే వాటికి మీరు అర్హులో కాదో తేలుతుంది.

మీ అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ముల కళ్లు కూడా ఒకసారి చూపించండి. మీరు వినికిడి పరీక్ష కూడా చేయించుకోండి, అషర్ సిండ్రోమ్ అనే రకంలో చూపుతోపాటు వినికిడీ తగ్గుతుంది.