గుడ్డులో ఏడో రోజుకే తెలుస్తుంటే గేదెకు మూడు నెలలెందుకు?

ప్రశ్న: మాకు రెండు గేదెలు, ముప్పై గొర్రెలు, కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి. ఒక గేదెకు సూది వేయించి 38 రోజులైంది. మళ్లీ ఎదకు రాలేదు. గంపలో గుడ్డు పిల్ల కట్టిందో లేదో ఏడో రోజుకే తెలుస్తోంది, గేదె సంగతి మాత్రం మూడో నెలలో చెబుతానంటున్నారు డాక్టరు గారు. ఎందుకలా? ఈ వారం గొర్రెలకు ఆల్బెండజోల్ నట్టల మందు తాగిస్తున్నాం. పనిలో పనిగా గేదెకూ తాగించమంటారా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు చివరి ప్రశ్న. గేదెకు తాగించకండి. గొర్రెలకు కూడా కొంచెం ఆగండి. కారణం మీ మొదటి ప్రశ్నలోనే ఉంది.

గుడ్డు పెట్టిన రోజే లెక్క మొదలవుతుందని మనం అనుకుంటాం. నిజానికి పెంకు కట్టుకుంటూ కోడి లోపల గడిపిన ఆ ఒక్క రోజులోనే పిండం వేల కణాలుగా చీలిపోయి ఉంటుంది. బయటపడి చల్లబడగానే ఆగిపోతుంది, పెట్ట పొదగగానే మళ్లీ ఊపందుకుంటుంది. రెండో రోజుకే గుండె కొట్టుకుంటుంది. ఏడో రోజు రాత్రి గుడ్డుకు సెల్‌ఫోన్ లైటు ఆనించి చూడండి. ఎర్రటి నరాలు సాలెపురుగు కాళ్లలా విచ్చుకుని, మధ్యలో నల్లటి చుక్క కదులుతుంటుంది. 21 రోజుల్లో పిల్ల బయటికి రావాలి, కావలసిన తిండంతా పెంకులోనే ఉంది. ఇక ఆలస్యం దేనికి?

ఆవు, గేదె, గొర్రెల్లో అలా కాదు. మొదటి వారం దాటినా పిండం కంటికి ఆనేంత ఉండదు. తర్వాత దారంలా పొడవు సాగుతుంది. గొర్రెలో ఇది 12, 13 రోజులకే జరుగుతుంది, ఆవులో 16 రోజులు పడుతుంది. 'నేనున్నాను, ఎదకు రావద్దు' అని తల్లికి కబురు పంపేది అప్పుడే. గొర్రె ఎద 17 రోజులకోసారి, ఆవు, గేదెలది 21 రోజులకోసారి కాబట్టి కబురు కూడా దాన్ని బట్టే వెళ్తుంది. ఆవు పిండంలో గుండె కొట్టుకునేది మూడు వారాలు దాటాకే. గర్భసంచికి గట్టిగా అతుక్కోవడానికి ఇంకా సమయం కావాలి.

ఇంత చిన్నదాన్ని పేడదారిలో చెయ్యి పెట్టి పట్టుకోవడం కష్టం. స్కానింగ్ ఉంటే నెల రోజులకు తెలుస్తుంది. చేత్తో అయితే అనుభవం ఉన్నవాళ్లు రెండు నెలలకు చెబుతారు. ఖాయంగా చెప్పాలని మీ డాక్టరు గారు మూడో నెల అన్నారు, అందులో తప్పేం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో 40 రోజుల గేదెను చూసి 'చూడి లేదు' అనేశాను. అది శుభ్రంగా ఈనింది. ఆ రైతు ఇప్పటికీ గుర్తు చేస్తాడు.

అవయవాలు రూపుకట్టడం మొదలయ్యే దశలో పిండాలు చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయన్నది నిజమే. 1828లో ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త, చీటీ అంటించడం మరిచిపోయిన రెండు పిండాలు బల్లివో, పిట్టవో, పాలిచ్చే జంతువువో చెప్పలేకపోతున్నానని రాశాడు. రూపం ఒకటే అయినా ఒక్కో జాతికీ ఒక్కో గడియారం.

మందు విషయంలో ఆ గడియారమే ముఖ్యం. అవయవాలు తయారయ్యే రోజుల్లో ఆల్బెండజోల్ పడితే పిండం పోవచ్చు, లేదా పిల్ల అవకరంతో పుట్టవచ్చు. అందుకే పశువులకు చూడి మొదటి 45 రోజులు, గొర్రెలకు మొదటి 30 రోజులు వాడకూడదంటారు. మీ గేదె 38వ రోజులో ఉంది. మందలో పొట్టేలు తిరుగుతుంటే ఏ గొర్రె ఎన్నో రోజులో ఉందో ఎవరికి తెలుసు? పొట్టేలును తీసేసిన రోజు నుంచి 30 రోజులు దాటాక తాగించండి. ఆగలేనంతగా పారుతుంటే పేడ పరీక్ష చేయించి, ఫెన్‌బెండజోల్ ఎంత మోతాదులో వేయాలో డాక్టరునడిగి వేయండి.

ఇంకో మాట. ఎదకు రాలేదంటే చూడి నిలిచినట్టేనని ధీమా వద్దు. గేదెల్లో మూగ ఎద, అంటే బయటికి లక్షణాలు కనిపించని ఎద, ఎక్కువ. కబురు పంపాక కూడా కొన్ని పిండాలు పోతుంటాయి, అప్పుడు 21కి కాకుండా ఆలస్యంగా ఎదకు వస్తాయి. ఈ జవాబు చేరేసరికి మీకు 42వ రోజు, అంటే రెండో 21, దగ్గరపడుతుంది. ఆ రెండు మూడు రోజులు తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్లి మానం దగ్గర జిగట తీగలున్నాయేమో చూడండి.