ముట్లుడిగాక ఈస్ట్రోజన్ క్రీము: నాకు పనిచేసింది, అన్నింటికీ కాదు

మీ ప్రశ్న ఇది: వయసు 54, నెలసరి ఆగి నాలుగేళ్లు, మూత్రానికి వెళ్తే మంట, యోని దగ్గర పొడిబారి దురద. డాక్టరు ఈస్ట్రోజన్ క్రీము రాశారు. డబ్బాలోని కాగితంలో క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం అని చదివి భయపడి పక్కన పెట్టారు. వాడాలా, వద్దా?

మీరు చెప్పిన బాధలకైతే వాడదగిన మందే. హనుమకొండలో టీచరుగా చేసి రిటైరైనదాన్ని, నాదీ ఇదే బాధ. వేడి ఆవిర్లు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు కానీ మూత్రం మంట వదిలేది కాదు. హైదరాబాద్ బస్సెక్కాలంటే ముందురోజు నుంచే నీళ్లు తగ్గించేదాన్ని, అయినా జనగామ దాటేసరికి ప్రాణం మీదికి వచ్చేది. వెళ్లిన ప్రతిసారీ యాంటీబయాటిక్ రాశారే తప్ప మూత్రంలో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్ష చేయించినవారు లేరు, పడుకోబెట్టి లోపల పరీక్షించి చూసినవారు అంతకన్నా లేరు. చివరికి ఒక గైనకాలజిస్టు చూసి, లోపలి పొర కాగితంలా పల్చబడిందని, అసలు కారణం అదేనని చెప్పారు.

ముట్లుడిగాక ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను తగ్గితే యోని గోడతో పాటు మూత్రనాళం పొర కూడా పల్చబడుతుంది. అక్కడుండే మేలుచేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా తగ్గి, ఆమ్లగుణం పోతుంది. పేగుల నుంచి వచ్చే ఈ-కోలై లాంటి క్రిములు సులువుగా పాతుకుపోతాయి. యాంటీబయాటిక్ వచ్చిన క్రిమిని చంపుతుంది కానీ పొరను బాగుచేయదు. క్రీము బాగుచేసేది ఆ పొరనే. అందుకే మాటిమాటికీ వచ్చే మూత్రం ఇన్ఫెక్షన్లు కూడా దీనివల్ల తగ్గుతాయి.

నాకు రాసింది ఎస్ట్రియోల్ క్రీము, అదీ ఒక రకం ఈస్ట్రోజనే. మొదట కొన్ని వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండు రాత్రులు. క్రీము లోపల పెట్టుకోవడానికి ఇచ్చే గొట్టం మీద గీత ఉంటుంది, అక్కడి వరకే నింపి, పడుకునే ముందు లోపల పెట్టుకోవాలి. మొదటి రోజుల్లో కాస్త చురుక్కుమంది. పొడిదనం కొన్ని వారాల్లోనే తగ్గింది, మూత్రం సంగతి కుదుటపడటానికి దాదాపు మూడు నెలలు పట్టింది. రెండు వారాలు వాడి లాభం లేదని పారేసేవారే ఎక్కువ, వాళ్లను చూస్తే నాకు బాధ. ఇంకొకటి, మానేస్తే పాత బాధ మెల్లగా తిరిగి వస్తుంది. ఇది కోర్సు పూర్తిచేసి ముగించే మందు కాదు.

ఇక ఆ కాగితం. అందులోని భయాలకు మూలం అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధన. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ హార్మోను లాంటి మందు) కలిపి మాత్రలుగా వేసుకున్నవారిలో రొమ్ము క్యాన్సర్ పెరిగిందని 2002లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. మాత్ర ఒళ్లంతా పారుతుంది, తక్కువ మోతాదు క్రీము నుంచి రక్తంలోకి వెళ్లేది చాలా స్వల్పం. అదే పరిశోధనలో ఉన్న మహిళల్లో యోనిలో ఈస్ట్రోజన్ వాడినవారిని ఏళ్ల తరబడి గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. వాడనివారితో పోలిస్తే రొమ్ము క్యాన్సర్ గానీ, గుండెజబ్బు గానీ వారిలో ఎక్కువగా కనిపించలేదు. మాత్రకు రాసిన హెచ్చరికనే తెచ్చి క్రీము డబ్బాలో పెడితే మనలాంటివాళ్లు భయపడక ఏం చేస్తారు?

వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు ఈ క్రీముతో తగ్గవు, ఎముకలకూ ఉపయోగం లేదు. వాటికి చర్మం మీద రాసే ఎస్ట్రాడయోల్ (ఇంకో రకం ఈస్ట్రోజన్) జెల్ వేరే ఉంది, మా వదిన వాడుతుంది. చేతికి రాసుకుని ఆరేదాకా మనవడిని దగ్గరికి రానివ్వదు, పసివాళ్ల ఒంటికి అంటకూడదు మరి. జెల్ రక్తంలోకి వెళ్తుంది కాబట్టి, గర్భసంచి ఉన్నవారు దానితో పాటు ప్రొజెస్టరాన్ కూడా తీసుకోవాలి, లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం మాత్రలతో పోలిస్తే జెల్‌తో తక్కువ.

ఇక్కడొక మాట అనకుండా ఉండలేను. మన జిల్లాల్లో కడుపునొప్పి అంటే చాలు, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్నవారు ఎందరో. అండాశయాలు కూడా తీసేసి ఉంటే వారి లెక్క వేరు. ఎముకలకు, గుండెకు ముప్పు ముందే మొదలవుతుంది, క్రీము ఒక్కటే సరిపోదు. సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోను తీసుకోవాలా అని వారు తప్పక అడగాలి. ఆపరేషన్ కాగితాల్లో ఏమేమి తీశారో చూసుకోండి, చాలామందికి ఆ సంగతే తెలియదు.

మీకు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, క్రీమైనా సరే, క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాకే. నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా ముందు దాని సంగతి తేల్చుకోవాలి, క్రీము తర్వాత. వరంగల్‌లోని సీకేఎం ప్రభుత్వ ఆసుపత్రి, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కేవలం కాన్పులకే అనుకుంటారు కానీ అక్కడ స్త్రీ వ్యాధులకూ ఓపీ ఉంటుంది.

మందుల దుకాణంలో నలుగురి ముందు అడగడానికి మొహమాటమైతే చీటీ చూపించండి చాలు. ఎండాకాలంలో డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత చూసుకోండి, మన మే నెల ఎండకు బీరువాలోని క్రీము కూడా నీరుగారిపోతుంది.