వైశాఖం పెళ్లికి ముంగిలి పచ్చగా ఉండాలంటే సంక్రాంతికే పలుగు పట్టాలి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా రెంటచింతల మండలం. మిర్చి, పత్తి వేస్తాం. ఇంటి ముందు రెండు సెంట్ల జాగా ఉంది. అందులో సగానికి నాపరాళ్లు పరిచాం. ఏటా శివరాత్రి ముందు నర్సరీ నుంచి పిటూనియా, డయాంథస్, చామంతి తెచ్చి పెడుతున్నాం. నెల రోజులు కళకళలాడి ఏప్రిల్ వచ్చేసరికి మాడిపోతున్నాయి. పాత మల్లె పొదకు మొగ్గలు వంకాయ రంగుకు తిరిగి రాలుతున్నాయి. మందారానికి కొత్త ఆకులు పసుపు పచ్చగా వస్తున్నాయి. వచ్చే వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి. అప్పటికి ముంగిలి పచ్చగా, పూలతో నిండుగా ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందుగా మీ అమ్మాయికి ఆశీస్సులు. మీరు సంక్రాంతికి ముందే అడిగారు, అదే సగం మేలు. ఇదే ప్రశ్న ఉగాది వెళ్లాక అడిగి ఉంటే కుండీలు అద్దెకు తెచ్చుకోండని చెప్పడం తప్ప నాకు దారి ఉండేది కాదు.

మీరు తెస్తున్న మూడూ చలికాలపు పూలు. రాత్రిళ్లు చల్లగా ఉన్నన్నాళ్లే వాటికి ఓపిక. మీ చేతికి వచ్చేసరికే వాటి ఆయుష్షు సగం గడిచిపోయి ఉంటుంది. మీది ఎండ పేరెత్తితే రాష్ట్రమంతా తలుచుకునే ప్రాంతం, 45 డిగ్రీలు దాటిన రోజులు మీరు ఎన్నో చూసి ఉంటారు. అక్కడ వేసవి తోట నిలవాలంటే మొక్క మార్చి నెలాఖరులోపే వేరు లోతుకు దించుకోవాలి. ఏప్రిల్‌లో నాటిన మొక్కకు వేరు పెంచుకునే తీరిక ఉండదు, ఆకు బతికించుకోవడంతోనే సరిపోతుంది. అందుకే ఈ నెలలోనే గోతులు తీయించండి.

మొదటి పని నాపరాళ్లది. మధ్యాహ్నం కాగిన రాయి పొద్దుగూకాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది, పక్కనున్న కుండీలో వేళ్లు ఉడికిపోతాయి. గోడ వెంట ఒక వరుస రాళ్లు లేపించి రెండడుగుల వెడల్పున మట్టి జాగా చేయండి. అడుగున్నర లోతు తవ్వి, రాళ్లు ఏరేసి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపండి. గోతికో గుప్పెడు వేపపిండి వేయండి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేడికి వేరును తినేస్తుంది, చెదలూ పడతాయి. మొక్కల మొదళ్లలో తెల్ల గులకరాళ్లు పోసే అలవాటు ఈమధ్య పల్లెలకూ వచ్చింది. చూడటానికి బాగుంటాయి గానీ మీ ఊరి ఎండకు అవి పనికిరావు. వేరుశనగ పొట్టో, వరిగడ్డో రెండంగుళాల మందాన పరిచి, అంచుకు పాత బంగాళా పెంకులు ఏటవాలుగా పాతండి. అలంకారమూ అదే, నేలకు నీడా అదే.

ఇక పూల సంగతి. ముద్దబంతి నారు సంక్రాంతి వెళ్లగానే పోస్తే ఉగాదికి పూస్తుంది.  కానీ పెళ్లికి బంతినే నమ్ముకోకండి. మే ఎండకు పువ్వు చిన్నబోతుంది. పెళ్లి నాటికి రంగు ఇచ్చేవి బిళ్ళగన్నేరు, జీనియా, సీతమ్మజడ, గడ్డిగులాబీ. జీనియా, సీతమ్మజడ విత్తనం ఫిబ్రవరి మూడో వారంలో ఒకసారి, మార్చి మొదటి వారంలో ఇంకోసారి చల్లండి. ఒక విడత తగ్గేసరికి రెండోది అందుకుంటుంది. గడ్డిగులాబీకి విత్తనం కూడా అక్కర్లేదు. తెలిసినవాళ్ల ఇంట్లో జానెడు కొమ్మలు తుంచి తెచ్చి మట్టిలో గుచ్చితే చాలు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. గడ్డిగులాబీ పొద్దున ఎండ తగిలాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. ముహూర్తం రాత్రిదైతే చుట్టాలు వచ్చే వేళకు అక్కడ ఆకులే కనబడతాయి. అందుకని గేటు పక్కన చంద్రకాంత వేయండి. మిరియపు గింజలా నల్లగా, ముడతలుగా ఉండే దాని విత్తనాన్ని ఒక రాత్రి నానబెట్టి అంగుళం లోతున పెట్టాలి. సాయంత్రం నాలుగైదు గంటలకు ఆ చెట్టు దగ్గర నిలబడితే, చుట్టుకుని ఉన్న మొగ్గ మడత మడతగా విప్పుకోవడం కళ్లారా చూడొచ్చు. చీకటి పడేసరికి వాసన వాకిలంతా పరుచుకుంటుంది. విద్యుద్దీపాల వెలుగులో ఇంత అందమైన చవక మొక్క నాకు మరొకటి తెలియదు.

ఎర్ర గన్నేరు ఎండకు బాగా తట్టుకుంటుంది, అందుకే చాలామంది వేస్తారు. మీ ఇంట్లో దూడలు, మేకపిల్లలు ఉంటే వద్దు. ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. పెళ్లికి వచ్చిన పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా ప్రమాదమే. దాని బదులు నందివర్ధనం, కాగితం పూలు నాటండి. కాగితం పూలకు నీళ్లు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

పడమటి వైపు ఎండ ఆపితే మిగతా తోట సగం గట్టెక్కినట్టే. అక్కడ వెదురు పందిరి వేసి దొండ తీగ ముక్కలు ఫిబ్రవరిలో నాటండి. పక్కనే నీలం శంకుపూలు పాకించండి. మిర్చి నారుకు వాడిన షేడ్‌నెట్ ఇంట్లో ఉంటే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వేళ లేత మొక్కలకు పడమటి వైపు కట్టండి. గోడలకు పిడుగురాళ్ల సున్నం ఉగాదికే వేయించండి. తెల్లగోడ తక్కువ కాగుతుంది, ముందున్న పూల రంగూ తేలుతుంది.

మల్లె పొద విషయానికొస్తే, వారం పది రోజులు నీళ్లు ఆపి, ఆకు దూసేసి, జనవరిలోనే నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించండి. ఎండు కొమ్మలు, మొదట్లోంచి వచ్చిన బక్క పిలకలు తీసేయండి. పది కిలోల చివికిన ఎరువు, పావుకిలో వేపపిండి వేసి నీళ్లు కట్టండి. మార్చి నుంచి మొగ్గ తొడుగుతుంది.

రాలిన మొగ్గ ఒకటి తీసుకుని గోటితో నిలువునా చీల్చి చూడండి. అడుగు భాగం ఉబ్బి, లోపల దారపు పోగంత పురుగులు కదులుతుంటే అది మొగ్గ ఈగ. ఈ పురుగు నేలలోకి దిగి కోశస్థ దశకు, అంటే ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశకు వెళుతుంది. కాబట్టి రాలిన మొగ్గలు ఏ రోజుకారోజు ఏరి కాల్చేయాలి, పొద కింద మట్టి వారానికోసారి గుల్ల చేయాలి. మొగ్గల గుత్తి సాలెగూడులా అల్లుకుని గుండ్రటి రంధ్రాలుంటే అది మొగ్గ తొలిచే పురుగు. ఆ గుత్తి తుంచి పారేయండి. రెండింటికీ లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి పది రోజులకోసారి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎర్రనల్లి కనిపిస్తే గంధకం కొడదామనుకుంటారు. మీ దగ్గర మార్చి దాటాక గంధకం కొడితే ఆకు మాడుతుంది. ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మినా నల్లి బాగా తగ్గుతుంది.

ఈ మందులకు పొలంలో కలుపుమందు కొట్టిన స్ప్రేయర్ మాత్రం వాడొద్దు, ఎన్నిసార్లు కడిగినా సరే. అడుగున మిగిలిన కొద్దిపాటి మందు పూలమొక్కల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. ఇంటి తోటకు చిన్న చేతి పంపు విడిగా ఉంచుకోండి.

మందారానికి పట్టింది తెగులు కాదని నా అభిప్రాయం. ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే ఇనుపధాతు లోపం. మీ నేలల్లో సున్నం పాలు ఎక్కువ, నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారానికోసారి మూడుసార్లు ఆకులు తడిసేలా సాయంత్రం పిచికారీ చేయండి. కలిపిన వెంటనే వాడేయాలి. నాపరాళ్ల మీద పడితే తుప్పు మరకలు పోవు, గోనె పరిచి కొట్టండి.

నీళ్ల దగ్గర చాలామంది పొరపడతారు. మధ్యాహ్నం రెండింటికి మందారం ఆకు వాలుస్తుంది, అయ్యో ఎండిపోతోందని బిందె నీళ్లు పోస్తారు. సాయంత్రానికి అది తనంతట తానే లేస్తుంది. పొద్దున్నే కూడా వాలి ఉంటేనే దాహం. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి, చెమ్మ తగిలితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. నేలలో మొక్కలకు రెండు మూడు రోజులకోసారి నిండుగా, కుండీలకు రోజూ, చిన్నవాటికి మే నెలలో రెండు పూటలా పోయాలి. మిర్చి తోటలో మిగిలిన డ్రిప్ పైపులు ఉంటే అరుగు మీద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి కలపండి. పురుగుమందు కలిపిన డ్రమ్ము కాకూడదు. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు వారానికి మించి ఉంచొద్దు, దోమలు పుడతాయి.

కుండీలు కొత్తవి కొనకండి. అటక మీది కాగులు, పగిలిన బానలు దించి, అడుగున బెజ్జం చేసి, సున్నం, జాజుతో ముగ్గు గీసి వాకిలికి రెండు వైపులా మూడేసి చొప్పున గుంపుగా పెట్టండి. గుంపుగా ఉంటే ఒకదాని నీడ ఇంకోదానికి దొరుకుతుంది. సీరియల్ లైట్లు కొమ్మలకు కట్టకుండా పందిరి గుంజలకు కట్టించండి. ఫోకస్ లైటు ఆకులకు మూడడుగుల దూరంలోనైనా ఉండాలి.

పెళ్లి వారంలో గంజి, ఉప్పు నీళ్లు, గిన్నెలు కడిగిన నూనె నీళ్లు మొక్కల మొదట్లో పోయకుండా వంటవాళ్లకు ముందే చెప్పి, వేరే గుంత తీయించండి. టెంటు గుంజలు ఎక్కడ పాతాలో సున్నంతో గుర్తు పెట్టండి. ఆ వారం మీకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. పొద్దున్నే నీళ్లు పోసే పని ఇంట్లో ఒకరికి ఇప్పుడే అప్పజెప్పండి.